ఐదు ఐదు తొమ్మిది

పంపని మాటకు జవాబు ఎలా వస్తుంది?

కొండ నెత్తిన, గాలికి వీపు తిప్పి ఒక బండ చాటున కూర్చుని, అతను ఈ ప్రశ్నను తనకు తానే రెండోసారి వేసుకున్నాడు. ఒళ్ళో సబ్బుపెట్టెంత రేడియో ఉంది. దాని తెర మీద కుడిమూల చిన్న ఎర్రచుక్క వెలుగుతోంది. ఆ చుక్క వెలిగిందంటే పెట్టె సాధనలో ఉందని అర్థం. మీట నొక్కినప్పుడు మోర్స్ చప్పుడు నొక్కినవాడి చెవిలో నిక్షేపంగా మోగుతుంది, మాటను గాలిలోకి పంపే తీగలోకి మాత్రం ఏమీ పోదు. నిన్న సాయంత్రం మంచం మీద వాలి వేళ్ళు సాపు చేసుకోవడానికి అలా పెట్టుకున్నాడు. తిరిగి మార్చడం మరిచిపోయాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇప్పటిదాకా, అంటే నలభై నిమిషాలుగా, అతను పంపిన పిలుపుల్లో ఒక్కటీ అతని చెవి దాటి వెళ్ళలేదు.

అయినా తొమ్మిది పదికి, అతనికి మోర్స్ నేర్పిన మాస్టారు జవాబిచ్చారు.

మోకాలి మీది కాగితం చూసుకున్నాడు. అనుమానానికి తావు లేదు. రేడియో మనుషులకు పేర్ల బదులు అక్షరాలూ అంకే కలిసిన కాల్‌సైన్లు ఉంటాయి. మాస్టారు ముందు ఇతని కాల్‌సైన్ పంపారు, తరవాత తనది, ఆపైన ఐదు ఐదు తొమ్మిది. స్పష్టత ఐదు, బలం ఐదు, స్వరం తొమ్మిది. నీ మాట నాకు బాగా అందుతోంది అని దాని తాత్పర్యం. కాసేపు ఆగి, అభినందనలు అన్నారు. మళ్ళీ కాసేపు ఆగి, సెలవు అన్నారు. ఆగిన రెండు చోట్లా ఇతను మీట నొక్కుతూనే ఉన్నాడు. ఇద్దరి మాటలూ తాళం తప్పకుండా ఒకదాని పక్కన ఒకటి నడిచిపోయాయి.

అభినందనలు ఎందుకంటే, ఇది అతని నూరో శిఖరం. ఊళ్ళోని రేడియో క్లబ్బులో నూరు పూర్తి చేసినవారు మాస్టారు ఒక్కరే. వచ్చే ఆదివారం సమావేశంలో రెండో పేరు ఎక్కాలి. నిబంధనలు పెద్దగా లేవు. సరంజామా అంతా సొంత వీపు మీద మోసుకుని, సొంత కాళ్ళతో శిఖరం చేరాలి. అక్కడినుంచి నలుగురు వేర్వేరు మనుషులతో మాట్లాడాలి. మాట్లాడటమంటే ఇద్దరూ ఒకరి కాల్‌సైన్ ఒకరు అందుకుని, ఎలా వినపడుతోందో ఆ అంకెలు ఇచ్చిపుచ్చుకోవాలి. మనిషి మాట మీదే నడిచే వ్యవహారం. కొండ మీద కాపలా ఎవరూ ఉండరు.

చుక్క ఆర్పేసి, ఈసారి నిజంగా మాస్టారిని పిలిచాడు. ఆయన ఆదివారం పదింటిదాకా ఇంట్లో రేడియో బల్ల ముందే కూర్చుంటారు. మూడుసార్లు పిలిచాడు. చేపల గాలపు కర్రకు కట్టిన తీగ గాలికి సన్నగా ఈల వేసింది తప్ప జవాబు లేదు. దూరపు ఊళ్ళవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ముగ్గురు పలికారు. ముగ్గురిలో ఒకాయన మూడు మూడు తొమ్మిది ఇచ్చాడు, ఇంకొకాయన రెండుసార్లు అడిగి మరీ కాల్‌సైన్ సరిచూసుకున్నాడు. మూడు వాట్ల మాట అలాగే అందుతుంది. ఇంట్లో పడకగది దీపం అంతకంటే ఎక్కువ మింగుతుంది. అసలు క్లబ్బులో అతనికి మూడు వాట్లు అనే పేరు.

నాలుగో మనిషి పలకలేదు. పదిన్నరకు పడమటి దిక్కున ఉరిమింది. ఉరుములో, శిఖరం మీద, నెత్తిన తీగ కట్టుకుని కూర్చోవడం బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు. కర్ర దించి, తీగ చుట్టి, దిగడం మొదలుపెట్టాడు. ముగ్గురు. మాస్టారితో కలిపితే నలుగురు. కలపవచ్చునా అనే మాటను ప్రతి మలుపులోనూ పక్కకు నెట్టాడు. అది ప్రతి మలుపులోనూ అతనికంటే ముందే వచ్చి నిలబడి ఉంది.

ఇల్లు చేరేసరికి భార్య పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. తల ఎత్తకుండానే నూరు అయ్యిందా అని అడిగింది. అయినట్టే అన్నాడు. లెక్కల్లో అయినట్టే అని ఉండదని ఆమె అంది. అతను సంచి విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. రేడియో, బ్యాటరీ, తీగ, మీట, సగానికి కోసిన పెన్సిలు, అంచులు కత్తిరించిన కాగితం. సంచి బరువు తొమ్మిది వందల గ్రాములు దాటకూడదని ఏడేళ్ళుగా అతని పట్టు.

"పెన్సిల్ని సగం చేశారు, కాగితాన్ని సగం చేశారు. ఆ పొట్ట సంగతి ఎప్పుడు చూస్తారండీ?" అంది ఆమె.

ఎప్పుడూ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదని ఆమె గమనించింది గానీ, ఎర్రసిరా కలం మూత పెట్టలేదు.

సోమవారం పనిలో చెయ్యి కుదరలేదు. అతను కట్టుడు పళ్ళు చేస్తాడు. దంతవైద్యులు పంపిన దవడ అచ్చుల్లో సున్నపుముద్ద పోసి, ఆరాక మైనపు పట్టీ దిద్ది, అందులో పళ్ళు ఒక్కొక్కటే వేడి చాకుమొనతో కూర్చాలి. ముందరి పళ్ళ వరస వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాడి మాటలో ఈల వస్తుంది. ఇరవయ్యేళ్ళుగా అతను చేసిన సెట్లతో ఎవరెవరో, తనకు ముఖమైనా తెలియనివాళ్ళు, తింటున్నారు, తిడుతున్నారు, ముద్దుపెట్టుకుంటున్నారు. అది తలుచుకుంటే మామూలుగా అతనికి ముచ్చటగా ఉండేది. ఇవాళ కుడి కోరపన్ను ఎడమవైపు పెట్టాడు. పీకి, మైనం కరిగించి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎడమవైపే.

మధ్యాహ్నం క్లబ్బు కార్యదర్శి ఫోన్ చేశాడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. ఫోన్లో కూడా నవ్వండి అన్నట్టే మాట్లాడతాడు. నూరుకి శుభాకాంక్షలు చెప్పి, మాస్టారు తనకు స్వయంగా రాసి పంపారనీ, ఐదు ఐదు తొమ్మిది వచ్చిందట గదా అనీ సంబరపడ్డాడు. ఆదివారం నీలం చొక్కా వేసుకు రమ్మన్నాడు, ఫొటోలో తెలుపు వెలుగులో కలిసిపోతుందట. చివర్న, ఈసారి సమావేశం ప్రశాంతంగా ఉంటుందిలే, ఆ అంబులెన్సు అమ్మాయి మానేసినట్టుంది అన్నాడు.

అతను ఫోన్ పెట్టేసి చాకును దీపం మీద చాలాసేపు ఉంచాడు. మొన ఎర్రబడి మైనానికి పనికిరాకుండా పోయింది.

ఆ అమ్మాయి అంబులెన్సు నడుపుతుంది. క్లబ్బులో చేరి ఏడాది కాలేదు. చేరిన దగ్గరనుంచి సెలవు దొరికినప్పుడల్లా కొండెక్కి ముప్ఫై ఆరు శిఖరాలు చేసింది. మూడు వారాల కిందటి సమావేశంలో ముప్ఫై ఆరోదానికి లెక్క కుదరలేదు. ఆమె రాసిన నలుగురిలో నాలుగో పేరు మాస్టారు. అందరి లెక్కలూ సరిచూసేది ఆయనే. ఆరోజు నా పుస్తకంలో నువ్వు లేవు అన్నారాయన. ఆమె నిలబడి, మాస్టారు ముందు నన్ను మూడు వాట్లు బాబాయ్ అనుకున్నారు, బాబాయ్ కాల్‌సైన్ పంపారు, నేను సరిచేసి నాది మూడుసార్లు పంపాను, అందిందని జవాబు వచ్చింది అంది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయ్ అంత బరువున్నావా అని ఎవరో అన్నారు. ఆ శిఖరం కొట్టేశారు. మిగతా ముప్ఫై ఐదూ తిరిగి పరిశీలించేదాకా ఆమె పేరు పట్టికలోంచి తీసేశారు. పంపడం తరవాత, ముందు వినడం నేర్చుకోమ్మా అన్నారు మాస్టారు, కోపం లేకుండానే.

ఆమె చెప్పిన ఆదివారం ఇతనికి నూట రెండు జ్వరం. మంచం దిగలేదు. ఆ సంగతి ఆ గదిలో ఇతనికొక్కడికే తెలుసు. మాస్టారూ, ఆరోజు మీ పుస్తకంలో నేనున్నానా, ఉంటే నేనెలా ఉంటాను అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఇతను చేతిలోని టీకప్పు అడుగున మిగిలిన నలకల్ని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అది మర్యాద అనుకున్నాడు. గురువుగారిని నలుగురిలో ప్రశ్నించకపోవడం అనుకున్నాడు. ఇప్పుడు మైనం కమురు వాసనలో దానికి ఇంకో పేరు కోసం వెతికాడు, దొరికింది. ఆ పేరు అతనికి నచ్చలేదు.

మంగళవారం తన పాత కాగితాలు తీశాడు. నాలుగు నెలలుగా మాస్టారు ఇచ్చినవన్నీ ఐదు ఐదు తొమ్మిదులే. ఎండలో, వానలో, దగ్గరి గుట్ట మీదినుంచీ, మూడు వరసల అవతలి కొండ మీదినుంచీ కూడా అవే. ఒకసారి ఇతను కాలు బెణికిందని పంపితే చాలా సంతోషం అని జవాబు వచ్చింది. ఆరోజు గాలిలో చిటపటలు ఎక్కువగా ఉండి ఆయనకు సరిగా అంది ఉండదనుకున్నాడు. ఆ నాలుగు నెలల్లో మాస్టారే నాలుగో మనిషైన శిఖరాలు తొమ్మిది. ఆ తొమ్మిదీ తీసేస్తే మిగిలేవి తొంభై ఒకటి. పక్కగదిలోంచి భార్య, ఎన్నిసార్లు కూడినా మొత్తం మారదండీ అంది.

బుధవారం సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాడు. గంట నొక్కితే అమ్మగారు వచ్చి తలుపు తీసింది. మాస్టారి భార్యను క్లబ్బులో అందరూ అలాగే పిలుస్తారు. ఆయన లోపలే ఉన్నారు నాయనా, గంట నేనే వినాలి, ఆయనకి పనిలో పడితే ఏదీ పట్టదు అని నవ్వింది. ఆ నవ్వు చివర కాస్త ఆగి అతని ముఖం వంక చూసింది.

మాస్టారి గది గుమ్మంలోనే అతను ఆగిపోయాడు. ఆయన ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. అవి ఎంత గట్టిగా మోగుతున్నాయంటే, ఎవరో దూరదేశపు ఆసామి తన కాల్‌సైన్ పంపుతుంటే గుమ్మంలో నిలబడ్డవాడికి అక్షరం అక్షరం తెలుస్తోంది. ఆ ఆసామి ఐదుసార్లు పిలిచాడు. మాస్టారి చేతిలో పెన్సిలు తెల్లకాగితానికి అంగుళం ఎత్తున నిలిచి ఉంది. అది దిగలేదు. ఓడరేవులో ముప్ఫై ఏళ్ళు నౌకల పిలుపులు అందుకున్న చెయ్యి అది. తుపాను హోరులో నౌక పేరు పట్టుకున్న మనిషని ఆయన గురించి చెప్పుకునేవారు. ఆరోసారి పిలిచి ఆసామి మానేశాడు. మాస్టారు ముందుకు వంగి, నెమ్మదిగా, శబ్దం పెంచే గుండీని ఇంకా తిప్పబోయారు. అది అప్పటికే చివరికంటా తిరిగి ఉంది.

అతను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాక ఆయన ఉలిక్కిపడి ఫోన్లు తీశారు. ముఖం విప్పారింది. ఏమోయ్ సెంచరీ వీరుడా అన్నారు. ఆదివారం నీ చెయ్యి ఎంత తేటగా ఉందనుకున్నావు, నిద్రలో లేపినా ఆ చెయ్యి నీదని చెబుతాను అన్నారు. చెయ్యి అంటే మీట నొక్కే తీరు. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. ఇతనికి ఆ తీరు నేర్పింది ఆయనే, పక్కన కూర్చుని, తప్పు పోయినప్పుడల్లా మణికట్టు మీద పెన్సిలుతో చిన్నగా కొట్టి. ఇతను ఏదో చెప్పబోయాడు. ఆయన చూపు ఇతని కళ్ళ మీద లేదు, కొంచెం కిందగా ఉంది.

ఆయన గర్వంగా పుస్తకం ఇటు తిప్పారు. ఆదివారం, తొమ్మిది పది, ఇతని కాల్‌సైన్, ఐదు ఐదు తొమ్మిది. దస్తూరి ముత్యాల్లా ఉంది. అంతకు ముందటి ఆదివారం, తొమ్మిది పది, ఇతని కాల్‌సైన్, ఐదు ఐదు తొమ్మిది. ఆ ముందటి ఆదివారం అంతే. ఇతను పేజీ తిప్పాడు. ఒకప్పుడు ఆ పుస్తకంలో రోజుకు ఇరవై ముప్ఫై వరసలు ఉండేవి, ఎక్కడెక్కడి ఊళ్ళో, ఓడలో, కొండలో. నాలుగు నెలలుగా వారానికి ఒక్క వరస ఉంది. ఆ నాలుగు నెలల్లో ఇతను తప్ప ఇంకొక మనిషి లేడు.

జ్వరం వచ్చిన ఆదివారం మాత్రం రెండు వరసలు. తొమ్మిది పదికి ఇతని కాల్‌సైన్, ఐదు ఐదు తొమ్మిది. తొమ్మిది ఇరవై నాలుగుకు మళ్ళీ ఇతని కాల్‌సైనే. కానీ రెండో వరస అక్షరాలు ముత్యాల్లా లేవు, పెన్సిలు ఆగి ఆగి నడిచింది, ఒకచోట చెరిపి రాసిన మరక. అంకెలు మూడు మూడు తొమ్మిది.

ఆ పేజీ మీద ఇతని వేలు ఎంతసేపు నిలిచిందో తెలియదు. మాస్టారు ఏమిటి చూస్తున్నావు అన్నారు. ఏం లేదు మాస్టారూ అన్నాడు. ఆయన అది విన్నట్టే తల ఊపారు.

టీ వద్దని లేచాడు. గేటు దాకా అమ్మగారు వచ్చింది. గొంతు తగ్గించాల్సిన పని లేకపోయినా తగ్గించింది.

"ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఆ బల్ల ముందు కూర్చుంటారు. వారమంతా బతికేది ఆ పది నిమిషాలకే అనుకో. నువ్వు మాత్రం మానకు నాయనా."

మాననని చెప్పి స్కూటరు ఎక్కాడు. మలుపు తిరిగాక ఆపి, హెల్మెట్టు తీసి, ఎందుకు ఆపాడో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు. మాస్టారు అబద్ధమాడలేదు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. అబద్ధమైతే కోపం తెచ్చుకోవచ్చు, జాలి అయితే క్షమించవచ్చు. ఆయన నిజంగా విన్నారు, ఇన్నేళ్ళ అలవాటు ఆయన చెవిలో ఆ సమయానికి తనంతట తాను మోగింది. మరి ఇతనో? వానలోనూ ఎండలోనూ ఒకే అంకెలు వస్తుంటే ఒక్కసారైనా అనుమానం రానివాడు, తను మాత్రం ఏం విన్నట్టు?

గురువారం ఏ పనీ సాగలేదు. సున్నపుముద్ద గిన్నెలోనే గట్టిపడింది.

శుక్రవారం పని మధ్యలో లేచి ఆసుపత్రికి వెళ్ళాడు. వెనకవైపు అంబులెన్సులు ఆగే చోట, ఒకదాని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ అమ్మాయి లోపల మోకాళ్ళ మీద కూర్చుని స్ట్రెచర్ చక్రాలకు చుట్టుకున్న దారాలను పటకారుతో లాగుతోంది. ఇతన్ని చూసి, రండి బాబాయ్, ఎవరికైనా బాలేదా అంది. ఎవరికీ కాదన్నాడు. అయితే కూర్చోండి, మా బండిలో బాగున్నవాళ్ళు కూర్చోవడం అరుదు అంది.

బంపరు మీద కూర్చుని, కూడదీసుకుని చెప్పాడు. సాధన చుక్క, పుస్తకం, రెండు వరసలు, మూడు మూడు తొమ్మిది. ఆమె పని ఆపకుండా వింది. అంతా అయ్యాక పటకారు పక్కన పెట్టి ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూసుకుంది.

"ఆయనకి వినపడదు బాబాయ్. మీకు ఇప్పుడా తెలిసింది?"

"నీకు ముందే తెలుసా?"

"ఆరోజే, మీటింగులో. నేను మాట్లాడుతుంటే ఆయన నా నోటివైపు చూస్తున్నారు. మధ్యలో నేను తల తిప్పి కార్యదర్శిగారితో అన్నది ఆయనకి అందలేదు, దానికి సంబంధం లేని జవాబు చెప్పారు. మా బండిలో రోజూ చూస్తా కదా అలాంటివాళ్ళని. వినపడదని ఒప్పుకోరు, ఊరికే తల ఊపుతారు. ఎక్కడ నొప్పి అంటే అవునంటారు."

"మరి ఆ మాట అక్కడే ఎందుకు అనలేదు? నీ పేరు తీసేస్తుంటే?"

ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. "అంతమందిలోనా? ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి, మీకు చెవుడండీ అనా? నా ఒక్క కొండ కోసం?"

 లోపలినుంచి ఒక ఆయా వచ్చి దుప్పట్లు ఇచ్చి వెళ్ళింది. ఆమె వాటిని మడతల ప్రకారం సర్దింది.

"అదీగాక మీరు అంటారనుకున్నా బాబాయ్" అంది, మామూలుగానే. "ఆరోజు నేనెక్కింది మీరెక్కే కొండల్లోదే. మీరు రాలేదని నాకు తెలుసు, ఎందుకు రాలేదో తెలీదు. మీకైతే తెలుసు కదా. ఆయనతో మెల్లిగా మీరు చెప్పుకుంటారులే అనుకున్నా. మీ మాటైతే ఆయనకి బాధ ఉండదని."

అతను వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక సంభాషణ కట్టుకుని వచ్చాడు. అందులో ఆమె అన్యాయం జరిగినది, ఇతను న్యాయం తెచ్చేవాడు. ఆదివారం సమావేశంలో తను లేచి నిలబడి, నూరు వదులుకుని, ఆమె పేరు నిలబెట్టే దృశ్యం కూడా అందులో ఉంది. నీలం చొక్కాతో సహా. ఇప్పుడు ఆ దృశ్యంలో మాస్టారు ఎక్కడ కూర్చుంటారో చూసుకున్నాడు. మొదటి వరసలో, ఉతికిన చొక్కాలో, ఇతని పెదాల వంక చూస్తూ.

కొండెక్కడం మానేశావటగా అని అడిగాడు.

"ఎవరన్నారు? మొన్న మంగళవారం కూడా వెళ్ళొచ్చా. పట్టికలో ఎక్కించమని అడగట్లేదు, అంతే. పైనుంచి పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు, అది చాలు" అంది. తరవాత ముఖం తిప్పుకుని, "చాలని అనుకుంటున్నా" అంది.

ఆమె నడుముకున్న ఫోన్ మోగింది. చిరునామా ఒకసారి విని, తిరిగి చెప్పి సరిచూసుకుని, తలుపులు మూసింది. బంపరు మీదనుంచి లేవండి బాబాయ్, లేకపోతే మిమ్మల్నీ తీసుకుపోవాలి అంది. బండి మలుపు తిరిగాక సైరన్ అందుకుంది. అది దూరమై, వీధుల రొదలో కలిసి, వినపడుతోందో లేక తను వింటున్నాననుకుంటున్నాడో తేలని చోటుకు చేరేదాకా అతను నిలబడ్డాడు.

ఆదివారం దాకా ఆగితే అది సమావేశం. రేపటిదాకా ఆగితే అది ఆలోచనగానే మిగులుతుంది. స్కూటరు తిప్పాడు. పనిచోటుకు ఫోన్ చేసి ఈపూట రానని చెప్పాడు.

అమ్మగారు తలుపు తీసి, పని వేళలో వచ్చిన మనిషిని చూసి, ఏమీ అడగకుండా పక్కకు తప్పుకుంది. మాస్టారు బల్ల దగ్గరే ఉన్నారు. అతను స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేటట్టు కూర్చున్నాడు.

"మాస్టారూ, మొన్న ఆదివారం నేను పంపలేదు."

ఆయన నవ్వారు. "ఏం పంపలేదూ? ఐదు ఐదు తొమ్మిది ఇచ్చాను నీకు. పుస్తకంలో ఉంది."

"మీరిచ్చారు. నాకు అందింది. నా పెట్టె సాధనలో ఉండిపోయింది. నా దగ్గర్నుంచి ఏమీ బయటికి రాలేదు."

ఆయన కళ్ళు అతని పెదాల మీదినుంచి కళ్ళకు వచ్చాయి. చాలా నెలల తరవాత సూటిగా చూసినట్టు అనిపించింది. "మళ్ళీ అను" అన్నారు.

మళ్ళీ అన్నాడు. గట్టిగా కాదు, నెమ్మదిగా.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడవకుండానే పెట్టుకున్నారు. గుమ్మంలో అమ్మగారి నీడ కదిలి ఆగింది.

"మరి నేను విన్నదేంటి?"

"నాకు తెలీదు మాస్టారూ."

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. తనే పేజీలు వెనక్కి తిప్పారు, ఒక్కొక్క తొమ్మిది పది మీదా ఒక్క క్షణం ఆగుతూ, వేగంగా, ఇంకా వేగంగా. జ్వరం నాటి పేజీ వచ్చినప్పుడు అతను చెయ్యి అడ్డం పెట్టి రెండో వరస మీద వేలు ఉంచాడు.

"ఆరోజు నాకు జ్వరం. మంచం దిగలేదు. పైది నేను కాదు, కిందది నేను కాదు. కిందది ఆ అంబులెన్సు అమ్మాయి. తొమ్మిది ఇరవై నాలుగుకి నేనెప్పుడైనా పిలిచానా? మూడు మూడు తొమ్మిది నాకెప్పుడైనా ఇచ్చారా? దీన్ని మీరు కష్టపడి విన్నారు మాస్టారూ. విన్నది తననే. పేరొక్కటే నాది రాశారు."

 మాస్టారు ఆ వరసను, ఆగి ఆగి నడిచిన తన దస్తూరిని, ముక్కు ఆనించేంత దగ్గరగా చూశారు. చెరిపిన మరక మీద గోటితో గీకారు.

"ఇక్కడ వేరే అక్షరం రాశాను ముందు" అన్నారు. "తరవాత, కాదు, నువ్వే అయి ఉంటావని చెరిపాను."

రబ్బరు తీసుకుని ఇతని కాల్‌సైన్ చెరిపేశారు. పొడి ఊది, పెన్సిలు అందుకుని, ఆమెది ఏమిటి అని అడిగారు. ఇతను నోరు తెరిచాడు.

"నోటితో వద్దోయ్. అలా రాస్తే ఎవరో చెప్పింది రాసినట్టు. నేను అందుకున్నట్టు కాదు."

ఎడమచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టారు. అతను ఒక్క క్షణం తటపటాయించి, ఆ అరచేతి మధ్యలో బొటనవేలితో నొక్కాడు. పొట్టిగా ఒకసారి, పొడుగ్గా ఒకసారి, మళ్ళీ పొట్టిగా. ఆయన కళ్ళు మూసుకున్నారు. మొదటి అక్షరం రాశారు. రెండోదానికి ఆగి, తల అడ్డంగా ఊపి, చెయ్యి ఇంకాస్త ముందుకు జరిపారు. మళ్ళీ నొక్కాడు. రాశారు. ఆరు గుర్తులూ అయ్యాక, ఆయన అతని చెయ్యి తిప్పి, అదే వరస తిరిగి దాని మీద నొక్కి సరిచూసుకున్నారు. సరిపోయింది.

పుస్తకం అతని వైపు తోసి, పెన్సిలు దాని మీద పెట్టారు.

"మిగతా వరసలు నీవి. నేను కొట్టెయ్యలేను, నువ్వే కొట్టెయ్."

అతను పెన్సిలు తీసుకున్నాడు. మొన్నటి ఆదివారం వరస నుంచి మొదలుపెట్టాడు.